పేరు కుట్టిన అమ్మాయిలు

2012 జనవరిలో న్యూయార్క్‌లో సోదబీస్ వాళ్ళు ఒక వేలం పెట్టారు. అందులో ఒక గుడ్డముక్క 10 లక్షల డాలర్లకు పైనే పలికింది. అప్పటి రేటు ప్రకారం మన డబ్బుల్లో 5 కోట్లు దాటినట్టు. 1807లో న్యూజెర్సీలోని బర్లింగ్టన్ కౌంటీలో మేరీ ఆంట్రిమ్ అనే అమ్మాయి సూదీ దారంతో చేసిన పని అది.

ఈ సంగతి చెప్తే మా హాస్టల్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న "ఎవడు కొన్నాడ్రా?" అని. నాకు ఆశ్చర్యం అనిపించింది డబ్బు కాదు. రెండు వందల ఏళ్ళు దాటాక కూడా ఆ అమ్మాయి పేరు మనకి తెలుసు. ఏ రాణీ కాదు, ఏ కవయిత్రీ కాదు. బడికెళ్ళిన ఒక అమ్మాయి. తన పేరు తనే కుట్టింది కాబట్టి తెలుసు. వచ్చే సెమిస్టర్ ఫెస్ట్‌లో మన క్లబ్ తరఫున "అమ్మమ్మల ఎంబ్రాయిడరీ" స్టాల్ పెడదామని ప్రపోజల్ వచ్చింది కదా, దాని మీద నా అభిప్రాయం చెప్పాలంటే ముందు ఈ పేర్ల కథ చెప్పాలి.

వీటిని శాంప్లర్లు అంటారు. ఉదాహరణ అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు. మొదట్లో ఇవి పెద్దవాళ్ళ నోట్సు లాంటివి. అచ్చు పుస్తకాల్లో డిజైన్లు అంతగా దొరకని రోజుల్లో, నచ్చిన కుట్టు ఎక్కడైనా కనబడితే మర్చిపోకుండా లినెన్ గుడ్డ మీద కుట్టి దాచుకునేవారు. బ్రిటన్లో తేదీ ఉన్నవాటిలో ఇప్పటికి దొరికిన అతి పాతది 1598 నాటిది. కుట్టింది జేన్ బోస్టాక్. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆలిస్ లీ అనే పాప 1596లో ఏ నెల, ఏ తేదీ, ఏ వారం, ఏ పూట పుట్టిందో కూడా అందులో కుట్టి ఉంది. మన ఇళ్ళల్లో పంచాంగం వెనక పేజీలో పిల్లలు పుట్టిన టైము రాసిపెట్టుకుంటారే, అలాగ.

తర్వాత తర్వాత ఇది బడి పిల్లల పని అయిపోయింది. 18వ శతాబ్దానికి ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఆడపిల్లల చదువంటే చాలాచోట్ల ఇదే. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కింద ఒక నీతిపద్యం, ఒక ఇల్లు, రెండు చెట్లు, ఆఖర్న పేరు, వయసు, సంవత్సరం. అక్షరాలు ఎందుకంటే, పెద్దయ్యాక ఇంట్లో దుప్పట్లు, తువ్వాళ్ళు అన్నింటి మీదా గుర్తు కుట్టాలి కదా. హాస్టల్ లాండ్రీకి వేసే ముందు మనం బనియన్ మీద మార్కర్‌తో రూమ్ నంబర్ రాస్తాం, ఇది దాని పూర్వరూపం.

నాకు ఈ లోకం దొరికింది చరిత్ర క్లాసులో కాదు, ల్యాబ్‌లో. ఒక చిన్న ఓఎల్‌ఈడీ స్క్రీన్ మీద అక్షరాలు చూపించాలి. అడ్డంగా 5 చుక్కలు, నిలువుగా 7 చుక్కలు, అందులో ఇంగ్లిష్ అక్షరం ఇమడాలి. ఫాంట్లు వెతుకుతుంటే పాత క్రాస్ స్టిచ్ అక్షరాల ఫోటోలు వచ్చాయి. అచ్చం అవే! నేతలో పడుగు, పేక కలిస్తే అదే గ్రిడ్. పోగులు లెక్కపెట్టుకుంటూ గడికో ఇంటూ మార్కు. యాపిల్ మొదటి మ్యాకింటాష్‌కి ఐకాన్లు గీసిన సూజన్ కేర్ కూడా, బిట్‌మ్యాప్ బొమ్మలు మొజాయిక్ లాంటివి, కుట్టుపని లాంటివి, అవన్నీ తనకి ముందే అలవాటు అని చెప్పుకుంది.

అక్కణ్ణుంచి నేను గంటలు గంటలు వాటినే జూమ్ చేసి చూస్తూ కూర్చున్నా. (ల్యాబ్ రికార్డు సంగతి అడగొద్దు.) చాలా పాతవాటిలో ఇంగ్లిష్ 'జె', 'యు' అక్షరాలు ఉండవు. పిల్లలు మర్చిపోయి కాదు, ఒకప్పుడు 'ఐ'కీ 'జె'కీ ఒకటే అక్షరం, 'వి'కీ 'యు'కీ ఒకటే అక్షరం అనుకునే అలవాటు గుడ్డల మీద చాలాకాలం ఉండిపోయింది. ఇంకొన్నింట్లో పేరు కుట్టుకుంటూ వచ్చేసరికి గుడ్డ అంచు వచ్చేసింది. మిగిలిన అక్షరాలు చిన్నవి చేసి పైన ఇరికించారు. బఫర్ ఓవర్‌ఫ్లో ఏదో మన తరం కనిపెట్టిందనుకున్నాం. నల్లదారం ఉన్నచోట మరో వింత. అప్పట్లో నలుపు, ముదురు గోధుమ రంగుల అద్దకంలో ఇనుము వాడేవారు, అది ఏళ్ళ తరబడి దారాన్ని తినేస్తుంది. అక్షరం రాలిపోయింది, సూది చేసిన చిల్లులు మాత్రం మిగిలాయి. ఆ చిల్లుల్ని బట్టి అక్షరం చదువుతారు.

నాకు అన్నింటికన్నా నచ్చినది ఇంకొకటి. కొన్ని శాంప్లర్లలో వయసో, సంవత్సరమో ఉండాల్సిన చోట ఒకటి రెండు అంకెల దారం విప్పేసి ఉంటుంది. ఆ అమ్మాయి పెద్దదై, గోడకి ఫ్రేము కట్టి వేలాడుతున్న తన చిన్ననాటి పని చూసి వచ్చినవాళ్ళు తన వయసు లెక్కేస్తారని, తనే కత్తెర తీసి విప్పేసిందంటారు. పద్యం టీచరు ఇచ్చింది. ఇల్లూ చెట్లూ టీచరు గీసిచ్చినవి. ఆ ఖాళీ మాత్రం పూర్తిగా ఆవిడదే.

ఇక్కడే అసలు వాదన మొదలవుతుంది. శాంప్లర్ అనేది ఆ అమ్మాయి గొంతా, లేక ఆ అమ్మాయిని లొంగదీసిన పద్ధతా? రోజికా పార్కర్ 1984లో రాసిన "ద సబ్వర్సివ్ స్టిచ్" పుస్తకం ఈ ప్రశ్నని గట్టిగా అడిగింది. తల వంచుకుని, నోరు మూసుకుని, గంటల తరబడి కదలకుండా కూర్చోవడమే ఆడతనం అని నేర్పింది ఈ సూదే అని, అదే సూదితో ఆడవాళ్ళు ఎదురుతిరిగిన సందర్భాలూ ఉన్నాయని ఆవిడ వాదన. నేను ఈ రెండు ముక్కలూ ఒప్పుకుంటా. ఎనిమిదేళ్ళ పిల్ల చేత చావు గురించీ విధేయత గురించీ పద్యాలు కుట్టించడం ముద్దొచ్చే విషయం కాదు. కానీ అందుకని ఆ గుడ్డని మ్యూజియం అటక మీద పడేస్తే, ఆ పిల్ల చెప్పిన ఒక్క సొంత మాట, అంటే తన పేరు, అది కూడా పోతుంది.

ఎలిజబెత్ పార్కర్ సంగతి తెలిశాక నాకు ఈ విషయంలో అనుమానం లేకుండా పోయింది. ఆవిడ గుడ్డ కూడా విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనే ఉంది, 1830 ప్రాంతంలో కుట్టినది. బొమ్మల్లేవు, పూలు లేవు, అంచు డిజైన్ లేదు. లినెన్ మీద ఎర్ర పట్టుదారంతో, సన్నటి క్రాస్ స్టిచ్‌లో, పై నుంచి కింద దాకా వరసగా మాటలే. అది బడి హోంవర్కు కాదు, కానీ అక్షరాలు కుట్టడం బడిలో నేర్పినదే. మొదట్లోనే చెప్తుంది: నాకు రాయడం రాదు, అందుకని మనిషితో మాట్లాడినట్టుగా ఇక్కడ పెడుతున్నా అని. వెయ్యికి పైగా మాటలు కుట్టిన మనిషి చెప్పే మాట ఇది!

ఆవిడది ఇంగ్లండ్‌లో ససెక్స్ ప్రాంతంలోని ఆష్‌బర్న్‌హామ్. 1813లో పుట్టింది. తండ్రి కూలిపని చేసేవాడు, ఇంటినిండా పిల్లలు. పదమూడేళ్ళకే పనిమనిషిగా ఇల్లు వదిలి వెళ్ళింది. పని చేసిన చోట యజమాని తనని ఎంత క్రూరంగా హింసించాడో, తను చచ్చిపోదామని ఎందుకు అనుకుందో, అలా అనుకోవడం పాపమని ఎంత భయపడిందో అంతా ఆ ఎర్రదారంలో ఉంది. ఆఖర్న తన ఆత్మ గతి ఏమవుతుందో అని అడుగుతూ, వాక్యం మధ్యలో ఆగిపోతుంది. కింద ఇంకా బోలెడు గుడ్డ ఖాళీగా ఉంది.

ఫోటో చూసి ఇక్కడిదాకా వచ్చినవాడెవడైనా ఏమనుకుంటాడు? చచ్చిపోయిందనే అనుకుంటాడు. పరిశోధన అంటే ఏమిటో నాకు అర్థమైంది ఇక్కడే. గుడ్డ మీద పేరుంది, ఊరుంది. వాటిని పట్టుకుని పాత రికార్డులు వెతికారు. ఆవిడ చచ్చిపోలేదు. సొంత ఊళ్ళోనే బడిపంతులమ్మ అయింది. 76 ఏళ్ళు బతికి 1889లో పోయింది. నా ఉద్దేశంలో ఆ గుడ్డ పక్కన మ్యూజియం పెట్టే చిన్న అట్టముక్క మీద ఆ రెండు లైన్లు లేకపోతే అది ప్రదర్శన కాదు, ఒక మనిషి కష్టాన్ని వేడుకగా చూపించడం. పేరు లేకపోయి ఉంటే ఆ రెండు లైన్లు రాయడానికి ఎవరికీ దారి ఉండేది కాదు.

ఒక చిన్న సొంత మాట. నేను ఎల్కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఈ వ్యాసం కూడా ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులోకి మారే కీబోర్డు మీదే కొడుతున్నా. చేత్తో తెలుగు పేజీ రాసి మూడేళ్ళు అయి ఉంటుంది. అందుకేనేమో "రాయడం రాదు" అంటూనే రాసుకుంటూ పోయిన మనిషి నాకు దగ్గరగా అనిపించింది.

పేరుని డేటాగా చూసిన మొదటివాళ్ళు మన కంప్యూటర్లోళ్ళు కాదు. 1921లోనే ఎథెల్ స్టాన్‌వుడ్ బోల్టన్, ఈవా జాన్‌స్టన్ కో అనే ఇద్దరు "అమెరికన్ శాంప్లర్స్" అనే పుస్తకం వేశారు. ఎవరింట్లో ఏ గుడ్డ ఉందో వివరాలు పోగుచేసి, పేరు, వయసు, సంవత్సరం, ఏ కుట్లు, ఏ పద్యం అని వరసగా ఎక్కించారు. ఎక్సెల్ లేని రోజుల్లో ఎక్సెల్ షీటు. తర్వాత టెక్సస్‌లో బెట్టీ రింగ్ అనే ఆవిడ అసలు ప్రశ్ననే మార్చేసింది. ఈ పిల్ల ఎంత బాగా కుట్టిందో అన్నది కాదు, ఈ పిల్లకి నేర్పింది ఎవరు అన్నది ఆవిడ వెతుకులాట. రెండు వేరే వేరే ఇళ్ళల్లో దొరికిన గుడ్డల మీద ఒకే అంచు, ఒకే రకం ఇల్లు ఉంటే వాటి వెనక ఒకే బడి ఉండాలి కదా. పాత పేపర్లలో పంతులమ్మలు ఇచ్చుకున్న ప్రకటనలు తీసి, ఊళ్ళ రికార్డులతో కలిపి చూసింది. మెషీన్ లెర్నింగ్‌లో మనం క్లస్టరింగ్ అని చదివేది ఆవిడ కంటితో చేసింది. రోడ్ ఐలండ్‌లో ప్రావిడెన్స్ ఊళ్ళో మేరీ బాల్చ్ బడి లాంటివి ఇప్పుడు ఇంత స్పష్టంగా తెలుస్తున్నాయంటే అందులో ఆవిడ పాలు చాలా ఉంది. 1993లో "గర్ల్‌హుడ్ ఎంబ్రాయిడరీ" అని రెండు సంపుటాలు వేసింది. మొదట్లో చెప్పిన వేలం ఆవిడ సేకరణదే. ఇప్పుడైతే అమెరికాలో శాంప్లర్ ఆర్కైవ్ అని ఆన్‌లైన్ డేటాబేస్ కూడా నడుస్తోంది.

ఇంతా చెప్పి, ఈ డేటాలో ఉన్న లోపం చెప్పకపోతే తప్పు. ఏ గుడ్డలు మిగిలాయి? ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోగలిగిన ఇళ్ళవి. పట్టుదారం కొనగలిగిన ఇళ్ళవి. పేదపిల్లలు కుట్టిన సాదా అక్షరాల గుడ్డలు చాలావరకు అరిగిపోయి, చిరిగిపోయి, తుడుచుకునే గుడ్డలు అయ్యుంటాయి. కొన్ని మిగిలాయి. బ్రిస్టల్లో యాష్లీ డౌన్ అనే చోట జార్జ్ ముల్లర్ నడిపిన అనాథాశ్రమాల పిల్లలు ఎర్రదారంతో చీమల్లాంటి అక్షరాలు వరసల కొద్దీ కుట్టారు, ఖాళీ లేకుండా. వాళ్ళని తర్వాత ఇళ్ళల్లో పనికి పంపేవారు. అంటే అది అలంకారం కాదు, పని వచ్చని చూపించే రెజ్యూమె. ఇప్పుడు కలెక్టర్లు వాటి కోసం ఎగబడుతున్నారు. వేలంలో ధర చూసి ముక్కు మీద వేలేసుకునే ముందు, ఆ పిల్లకి జీతం ఎంత వచ్చి ఉంటుందో కూడా అడగాలి.

బాల్టిమోర్‌లో నల్లజాతి సన్యాసినులు, ఒబ్లేట్ సిస్టర్స్, నల్లజాతి ఆడపిల్లల కోసం 1828లో బడి పెట్టారు. ఆ రాష్ట్రంలో బానిసత్వం 1864 దాకా చట్టబద్ధంగా ఉంది. ఆ బడి పిల్లలు కుట్టిన శాంప్లర్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, పేర్లతో సహా. అలాంటి ఊళ్ళో నల్లజాతి పిల్ల తన పూర్తి పేరు, సంవత్సరం గుడ్డ మీద కుట్టడం, తెల్లవాళ్ళ ఇంట్లో పిల్ల కుట్టడం రెండూ ఒకటే అని ఒకే గోడకి పక్కపక్కన వేలాడదీసి ఊరుకుంటే ఎలా? పక్కన రెండు మాటలు రాయాలి.

బాగా చేసిన ప్రదర్శనలూ ఉన్నాయి. 2018లో ఎడిన్‌బరోలో స్కాట్లండ్ నేషనల్ మ్యూజియం వాళ్ళు "ఎంబ్రాయిడర్డ్ స్టోరీస్" అని స్కాటిష్ శాంప్లర్లు ప్రదర్శించారు. స్కాట్లండ్ పిల్లలు పేరుతో పాటు ఇంటిల్లిపాది పొడి అక్షరాలు జంటలు జంటలుగా కుట్టేవారు. అక్కడ పెళ్ళయిన ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేరు రికార్డుల్లో నిలిచి ఉంటుంది కాబట్టి, అమ్మ పొడి అక్షరాలు నాన్నవాటికి వేరుగా ఉంటాయి. ఆ ముడులు పట్టుకుని కుటుంబాలు వెతికి, గుడ్డ పక్కన కుట్టిన పిల్ల కథ పెట్టారు. పెన్సిల్వేనియాలో వెస్ట్‌టౌన్ క్వేకర్ బడి పిల్లలైతే ఇంకా ముందుకెళ్ళి, 1810ల నాటికే పట్టుగుడ్డతో బంతి చేసి, దాని మీద అక్షాంశాలు, రేఖాంశాలు, దేశాల హద్దులు కుట్టి గ్లోబులు తయారుచేశారు. అది చూస్తే సూదిపని అంటే తలవంచుకు కూర్చోవడం మాత్రమే అని ఎవరూ అనలేరు.

మరి మన దగ్గర? నరసాపురం లేసు గురించి అందరికీ తెలుసు. 19వ శతాబ్దంలో గోదావరి జిల్లాలో మిషనరీలు ఆడవాళ్ళకి నేర్పిన పని అది. అంటే ఆ శాంప్లర్ల కాలమే, దాదాపు అలాంటి పంతులమ్మలే. మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు వచ్చి వాళ్ళ మధ్య పనిచేసి 1982లో "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" పుస్తకం వేసింది. లేసు విదేశాలకు పోతుంది, ఎగుమతి చేసే మగవాళ్ళు వ్యాపారులు, అల్లే ఆడవాళ్ళు మాత్రం లెక్కల్లో గృహిణులు, ఖాళీ టైములో ఏదో అల్లుకుంటున్నట్టు. 2024లో ఆ లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే. ఊరి పేరు రిజిస్టర్ అయింది. అల్లిన మనిషి పేరు? ఏ టేబుల్‌క్లాత్ మీదా ఉండదు. అమ్మకానికి పోయే సరుకు మీద పనిమనిషి పేరు ఉండదు కదా అంటారు. అదే నేను అంటున్నదీ.

మా అమ్మమ్మ దగ్గర పెళ్ళికి ముందు కుట్టిన దిండు గలీబులు రెండున్నాయి. మ్యాటీ గుడ్డ, నెమలి, కింద ఇంగ్లిష్‌లో "స్వీట్ డ్రీమ్స్". ఆవిడకి ఇంగ్లిష్ రాదు, ట్రేసింగ్ కాయితం మీద ఎలా ఉంటే అలా కుట్టింది. "నీ పేరు ఎందుకు కుట్టలేదు అమ్మమ్మా?" అంటే "నా పేరెందుకురా దిండు మీద, తలపెట్టి పడుకునేది మీ తాతయ్య కదా" అంది. నవ్వుతూనే అంది. కుట్టు నేర్పిన టీచరు పేరు మాత్రం ఇంటిపేరుతో సహా చెప్పింది, ఆవిడ బెత్తం దెబ్బలు కూడా గుర్తున్నాయంది.

అందుకని మన స్టాల్ విషయంలో నా అభిప్రాయం ఇది. ప్రపోజల్‌లో రాసినట్టు "వింటేజ్ కార్నర్" అని పేరు పెట్టి, ఫెయిరీ లైట్లు వేసి, సెల్ఫీ పాయింట్ చేస్తే నేను వాలంటీర్‌గా రాను. లైట్ల సంగతి ఊరికే అనట్లేదు. పాత పట్టుదారం, పాత అద్దకం వెలుతురుకి తట్టుకోవు. మ్యూజియాల్లో ఇలాంటి గుడ్డలకి 50 లక్స్ దాటనివ్వరు, అదీ కొన్ని నెలలే. మన ఆడిటోరియం ఫోకస్ లైట్ల కింద రెండు రోజులు పెట్టి ఇంటికి పంపితే ఏ అమ్మమ్మకైనా ఏం సమాధానం చెప్తాం?

ఒరిజినల్స్ తేవద్దు, ఫోటోలు తెద్దాం. పెద్ద ప్రింట్లు వేయిద్దాం. వెనకవైపు కూడా ఫోటో తీయండి, అటు రంగు వెలిసిపోదు, ముడులు కూడా కనబడతాయి. నేను గూగుల్ ఫారం తయారుచేసి క్లబ్ గ్రూపులో పెడుతున్నా. కుట్టినవారి పేరు, పుట్టింటి ఇంటిపేరు, ఊరు, అప్పుడు వాళ్ళ వయసు, నేర్పింది ఎవరు, ఏ బడిలో లేక ఎవరింట్లో, ఎవరి కోసం కుట్టారు, తర్వాత ఏం చేశారు. పేరు బయటపెట్టడం ఇష్టం లేదంటే వాళ్ళ ఇష్టం, ముందు అడిగి ఒప్పుకుంటేనే రాయండి. అడిగినా తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదలకండి, "తెలియదు" అని రాయండి. ఖాళీ గడికీ "తెలియదు" అన్న మాటకీ ఎంత తేడానో డీబీఎంఎస్ చదివిన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అడగండి. బీరువా పై అరలో, పాత పట్టుచీరల కింద ఉంటాయి సాధారణంగా.